కెఫీన్ ఆపిన నాలుగో రోజు పాప మళ్లీ ఊపిరి ఆపింది, లెక్క మళ్లీ మొదటి నుంచి అంటున్నారు

రేణిగుంట నాన్న
ఆగస్టు 3, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. నా భార్యకు బీపీ బాగా పెరిగి 31 వారాలకే సిజేరియన్ చేశారు. పాప బరువు 1450 గ్రాములు. తిరుపతిలోనే ఒక ఆసుపత్రి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉంది, ఈరోజుకు 19 రోజులు. మొదటి నాలుగు రోజులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం) పెట్టారు, తర్వాత తీసేశారు. పాలు సగం ట్యూబుతో, సగం ఉగ్గుగిన్నెతో పడుతున్నారు.

ఊపిరి మధ్యలో ఆగకుండా రోజూ కెఫీన్ ఇచ్చేవారు. నాలుగు రోజుల కింద ఆపేశారు. వారం రోజులు ఒక్కసారి కూడా ఊపిరి ఆగకపోతే, బరువు కూడా చూసుకుని ఇంటికి పంపుతామన్నారు. మేము క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటున్నాం. ఈరోజు సాయంత్రం నా భార్య పక్కన ఉండగానే మానిటర్ మోగింది. పాప కదలడం లేదట, గుండె వేగం నిమిషానికి 70కి పడిపోయిందట. నర్సు వచ్చి అరికాలు రుద్దితే అప్పుడు ఊపిరి తీసుకుంది. డాక్టరుగారు మళ్లీ మొదటి నుంచి లెక్క అన్నారు.

నా భార్య అప్పటి నుంచి అన్నం ముట్టలేదు. నేను మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పాప మెదడుకు ఏమైనా అయ్యుంటుందా? ఇది ఫిట్సా? ఇంట్లో ఇలా జరిగితే మాకు ఎవరు చెప్తారు? కాలికి తొడిగే మానిటర్ సాక్సు అమ్ముతున్నారంట, కొనమంటారా?


పాకాల అక్క
ఆగస్టు 4, ఉదయం 5:20

తమ్ముడూ, ముందు మీ ఆవిడకు ఏదో ఒకటి తినిపించు. పాలు రావాలి కదా.

మావాడు 29 వారాలకు పుట్టాడు. మాకు మూడుసార్లు లెక్క మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి ఆరో రోజున ఆగింది. బట్టలు సర్దుకున్నాం, ఆటో అబ్బాయికి కూడా చెప్పి పెట్టాం. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. వాడికి ఇప్పుడు నాలుగేళ్లు, అంగన్‌వాడీ నుంచి ఒక్కడే పరుగెత్తుకుంటూ వస్తాడు.

ఇల్లు దూరమైంది అనుకోకు. ఆగేది ఏదో ఆసుపత్రిలోనే ఆగింది, పక్కన నర్సు ఉండగా ఆగింది. నాకు ఈ మాట మా వార్డు ఆయమ్మ చెప్పింది, అప్పటికి కోపం వచ్చింది కానీ తర్వాత అర్థమైంది.


నైట్ డ్యూటీ సిస్టర్
ఆగస్టు 4, ఉదయం 9:05

నేను చిత్తూరు వైపు ఎన్‌ఐసీయూలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ పాప కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి మీ డాక్టరు మాటే ఫైనల్. కానీ అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను.

కడుపులో బిడ్డకు ఊపిరితో పనిలేదు, ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. "ఇప్పుడు ఊపిరి తీసుకో" అని ఎడతెగకుండా చెప్పే భాగం మెదడు కింద కాండంలో ఉంటుంది. తొమ్మిది నెలలు నిండేసరికి అది తయారవుతుంది. 31 వారాలకు పుట్టిన బిడ్డలో అది ఇంకా తయారవుతూనే ఉంటుంది. అందుకే మధ్యలో మరిచిపోతుంది. 30, 31 వారాల పిల్లల్లో సగానికి పైగా ఇలా ఆపుతారు. 28 వారాల లోపు అయితే దాదాపు అందరూ. 34, 35 వారాలకు పుట్టినవారిలో నూటికి ఏడుగురు. అంటే ఇది మీ పాప ఒక్కదానికి వచ్చిన కష్టం కాదు.

20 సెకన్లు దాటి ఊపిరి ఆగితే అప్నియా అంటాం. అంతకన్నా తక్కువసేపు ఆగినా, దాంతోపాటు గుండె వేగం పడిపోతే లేదా ఆక్సిజన్ తగ్గి రంగు మారితే అదీ అప్నియానే. కొందరిలో మెదడు చెప్పడం మానేస్తుంది, ఛాతీ అసలు కదలదు. కొందరిలో ఛాతీ ఎగురుతూనే ఉంటుంది కానీ మెడ వంగి గొంతు మూసుకుపోవడం వల్ల గాలి లోపలికి పోదు. నెల తక్కువ పిల్లల్లో ఎక్కువగా ఈ రెండూ కలిసి వస్తాయి. అందుకే మేము భుజాల కింద చిన్న గుడ్డ మడిచి పెట్టి మెడ నిటారుగా ఉంచుతాం. మీకు చిన్న పనిలా కనిపిస్తుంది, అదే చాలాసార్లు కాపాడుతుంది.

మానిటర్ మోగితే మేము ముందు చూసేది మానిటర్‌ను కాదు, బిడ్డను. రంగు ఎలా ఉంది, ఛాతీ కదులుతోందా, మెడ ఎటు తిరిగింది. సగం మోతలు కాలికి పెట్టిన ప్రోబ్ జారినవే. బిడ్డ నిజంగా ఆపితే అరికాలు మీద వేలితో రుద్దుతాం, లేదా వీపు నిమురుతాం. చాలామందికి అంతే సరిపోతుంది. ముక్కులో పాలు అడ్డుపడితే సక్షన్ చేస్తాం, అంటే గొట్టంతో లాగేస్తాం. అయినా రాకపోతే మాస్కు, బ్యాగుతో గాలి ఇస్తాం. అది మాటిమాటికీ అవసరమైతే మళ్లీ సీప్యాప్, ఇంకా తప్పకపోతే వెంటిలేటర్. మీ పాప అరికాలు రుద్దగానే తీసుకుంది అంటున్నారు, అది ఈ మెట్లలో మొదటి మెట్టు.


రేణిగుంట నాన్న
ఆగస్టు 4, ఉదయం 9:40

సిస్టర్, మీకు చేతులెత్తి నమస్కారం. ఒక్క మాట. నా భార్య చెప్పడం ఏమిటంటే, పాప నిద్రలో ఐదు సెకన్లు ఆపి, తర్వాత గబగబా తీసుకుని, మళ్లీ ఐదు సెకన్లు ఆపుతుందట. అలా వరసగా. అది కూడా లెక్కలోకి వస్తుందా? ఆమె ప్రతిసారీ సిస్టర్‌ను పిలుస్తోంది.


నైట్ డ్యూటీ సిస్టర్
ఆగస్టు 4, ఉదయం 10:15

అది వేరే. దాన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటారు. ఐదు నుంచి పది సెకన్లు ఆపి, తర్వాత కొన్ని ఊపిరులు గబగబా, మళ్లీ చిన్న విరామం. రంగు మారదు, గుండె పడదు. నెలలు నిండిన పిల్లల్లో కూడా మొదటి కొన్ని వారాలు కనిపిస్తుంది. దాన్ని లెక్కలో వేయం.

మీ ఆవిడ పిలిస్తే సిస్టర్లు విసుక్కోరు, పిలవమనండి. బిడ్డ మీద అందరికన్నా ముందు తేడా పట్టేది అమ్మే. "ఈరోజు వేరేగా ఉంది మేడం" అని అమ్మ అంటే నేను పరిగెత్తుతాను.


పుత్తూరు అవ్వ
ఆగస్టు 4, మధ్యాహ్నం 1:30

నా మనవరాలు రాసిపెడుతోంది. నాయనా, బిడ్డకు గాలి సోకిందేమో చూపించి స్వామి దారం కట్టించండి. మా కాలంలో నెల తక్కువ బిడ్డను చాటలో దూది పరిచి పడుకోబెట్టి, పక్కనే రాత్రంతా మేలుకుని కాళ్లు గిల్లుతా ఉండేవాళ్లం. మా చెల్లెలి బిడ్డను అట్లానే బతికించుకున్నాం. ఇంటికి వచ్చినాక స్నానం పోసి సాంబ్రాణి పొగ వేయండి, ముక్కులో రెండు చుక్కలు నూనె వేసి ఊదండి, గురక పోతుంది.


నైట్ డ్యూటీ సిస్టర్
ఆగస్టు 4, మధ్యాహ్నం 2:50

అవ్వా, మీరు కాళ్లు గిల్లి బిడ్డను బతికించారు చూడండి, ఇప్పుడు మేము చేస్తున్నదీ అదే. దూది పరచడం కూడా ఒంటి వేడి పోకుండానే. బిడ్డ చల్లబడితే ఊపిరి ఆగడం ఎక్కువవుతుంది.

కానీ సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె మాత్రం ఈ పాపకు వద్దు. నూనె ఊదితే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. అలాంటి బిడ్డలను మా వార్డులో నేను చూశాను. పొగ పెద్దవాళ్లకే దగ్గు తెప్పిస్తుంది, రెండు కిలోలు లేని బిడ్డ తట్టుకోలేదు. స్వామి దారం కావాలంటే బిడ్డ మెడకు కాకుండా ఊయల దగ్గర ఎక్కడైనా కట్టండి.


పిల్లల డాక్టరు, చిత్తూరు
ఆగస్టు 4, రాత్రి 9:10

సిస్టర్ చాలా చక్కగా చెప్పారు. నేను రెండు విషయాలు మాత్రం చేరుస్తాను.

మొదటిది కెఫీన్. కాఫీలో ఉండేదే. మెదడులో ఊపిరి నడిపే భాగాన్ని మేలుకొలుపుతుంది. కెఫీన్ సిట్రేట్ మొదటి మోతాదు కిలోకు 20 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు ఒక్కసారి కిలోకు 5 నుంచి 10. ఇంతకుముందు అమైనోఫిలిన్ వాడేవాళ్లం. దాంతో గుండె వేగం ఎక్కువవుతుంది, రోజుకు రెండు మూడుసార్లు ఇవ్వాలి. కెఫీన్ వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. 500 నుంచి 1250 గ్రాముల పిల్లలు 2006 మందితో పెద్ద అధ్యయనం జరిగింది, అది బయటికి వచ్చిన సంవత్సరం కూడా 2006. కెఫీన్ తీసుకున్న పిల్లలను ఊపిరి యంత్రాల నుంచి సుమారు వారం ముందే బయటికి తేగలిగారు. ఆ పిల్లలనే ఏడాదిన్నర దాటాక చూస్తే సెరిబ్రల్ పాల్సీ కెఫీన్ తీసుకున్నవారిలో 4.4 శాతం, తీసుకోనివారిలో 7.3 శాతం. కాబట్టి "చంటిబిడ్డకు కాఫీ మందా" అని భయపడే బంధువులకు ఈ అంకెలు చెప్పండి. ఇంట్లో కాఫీ చుక్కలు నాకించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మందు మోతాదు మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఇచ్చేది.

మీ పాప నాలుగో రోజున ఎందుకు ఆపిందో కూడా దీనిలోనే ఉండొచ్చు. పెద్దవాళ్లు తాగిన కాఫీలో సగం ఐదారు గంటల్లో ఒంట్లోంచి పోతుంది. నెల తక్కువ పిల్లల్లో సగం పోవడానికే సుమారు 100 గంటలు, అంటే నాలుగు రోజులు. మందు ఆపినా మొదటి కొన్ని రోజులు అది రక్తంలో పనిచేస్తూనే ఉంటుంది. పాప సొంతంగా ఊపిరి తీసుకుంటోందా లేదా అన్నది నాలుగైదు రోజుల తర్వాతే తెలుస్తుంది. ఏడు రోజుల లెక్క అందుకే. మీ డాక్టరు మళ్లీ మొదలుపెట్టడం సరైన పని.

రెండోది, మీ వాళ్లు రక్తపరీక్ష పంపితే కంగారు పడకండి. బాగున్న బిడ్డ ఉన్నట్టుండి ఊపిరి ఆపితే మేము ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో చూస్తాం. షుగర్, రక్తం తగ్గడం, పొట్ట ఉబ్బరం, ఒంటి వేడి కూడా. ఫిట్స్ అరుదు. ఫిట్స్‌లో ఊపిరి ఆగితే సాధారణంగా కళ్లు ఒక పక్కకు పోవడం, చప్పరించడం, చేతులు బిగుసుకోవడం లాంటివి కూడా కనిపిస్తాయి. ఒక్కసారి, కొన్ని సెకన్లు ఆగి, రుద్దగానే కోలుకుంటే దానివల్ల మెదడు దెబ్బతింటుందని భయపడాల్సిన పని లేదు.


పలమనేరు
ఆగస్టు 5, ఉదయం 7:30

నెల తక్కువ బిడ్డ విషయం ఇక్కడ అందరూ బాగా చెప్పారు. నెలలు నిండిన బిడ్డ సంగతి వేరు, అది చెప్పాలనే రాస్తున్నాను.

మా బాబు నిండు నెలలకే పుట్టాడు, 2900 గ్రాములు. రెండో రోజు రాత్రి పెదాల చుట్టూ నీలంగా మారి ఊపిరి ఆగింది, కాసేపటికి వచ్చింది. మేమున్న నర్సింగ్ హోమ్‌లో "చిన్నపిల్లలు అలాగే చేస్తారు, పాలు పట్టండి" అన్నారు. నాలుగు గంటల్లో ఇంకో రెండుసార్లు అయింది. మా మామగారు పట్టుబట్టి 108 పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. చూస్తే షుగర్ 24కి పడిపోయింది. ఇన్ఫెక్షన్ కూడా ఉంది. గ్లూకోజ్ ఎక్కించి, పది రోజులు ఇంజెక్షన్లు వేశారు. ఇప్పుడు బాగున్నాడు. ఆ నాలుగు గంటలు తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.


పిల్లల డాక్టరు, చిత్తూరు
ఆగస్టు 5, మధ్యాహ్నం 2:15

పలమనేరు వారు రాసింది అందరూ చదవండి. నెలలు నిండిన బిడ్డ 20 సెకన్లు ఊపిరి ఆపినా, నీలంగా మారినా అది ఎప్పుడూ మామూలు కాదు. వెనకాల కారణం ఏదో ఉంటుంది, ఆ గంటలోనే వెతకాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, తీసుకెళ్లే బండి అన్నీ ఉచితం. డబ్బు గురించి ఆలోచిస్తూ ఆగకండి.


రేణిగుంట నాన్న
ఆగస్టు 5, రాత్రి 10:30

రక్తపరీక్షలో ఇన్ఫెక్షన్ లేదన్నారు. షుగర్ బాగుంది. ఈ ఉదయం ఇంకోసారి ఊపిరి ఆపింది, అందుకని కెఫీన్ మళ్లీ మొదలుపెట్టారు. కడుపులో ఉన్న వారాలు కూడా కలిపి 35 వారాలు దాటాక ఆపి చూద్దామన్నారు.

డాక్టరుగారు 100 గంటలు అని రాసింది నా భార్యకు చదివి వినిపించాను. "అయితే దానికి ఇంకా సొంతంగా రాలేదు, అంతేనా" అంది. ఆ తర్వాత రెండు ఇడ్లీలు తింది.

ఇంకో సంగతి. కంగారూ కేర్ నన్ను కూడా చేయమన్నారు. చొక్కా విప్పి పాపను ఛాతీ మీద నిలువుగా పడుకోబెట్టి గుడ్డ కట్టారు. 1600 గ్రాములు, బరువే తెలియడం లేదు. నేను కదలాలంటే భయపడి గంటన్నర అలాగే కూర్చున్నాను. ఆ గంటన్నరలో మానిటర్ ఒక్కసారి కూడా మోగలేదు.


నైట్ డ్యూటీ సిస్టర్
ఆగస్టు 6, ఉదయం 8:00

చాలా సంతోషం అన్నా. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చగా ఉంటుంది. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉండేలా చూసుకోండి, ముక్కు మీకు కనిపిస్తూ ఉండాలి. ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో బిడ్డలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు. తర్వాత మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో పరీక్షించి 2021లో ఫలితాలు ఇచ్చారు. పుట్టిన వెంటనే మొదలుపెడితే తక్కువ బరువుతో పుట్టిన పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. మా వార్డులో అమ్మలను కుర్చీలోంచి లేవనివ్వం.


చంద్రగిరి
ఆగస్టు 9, సాయంత్రం 6:40

మా పాపకు పాలు తాగేటప్పుడు మాత్రమే ఊపిరి ఆగేది. ఉగ్గుగిన్నె పెట్టగానే గబగబా మింగి, ఊపిరి తీసుకోవడం మరిచిపోయి నీలంగా మారేది. సిస్టర్ నేర్పింది: మూడు నాలుగు గుటకలకు ఒకసారి గిన్నె తీసి ఆగడం, బిడ్డను కొంచెం కూర్చున్నట్టు పట్టుకోవడం. 36 వారాలకు అదే సర్దుకుంది. మీ వాళ్లను అడిగి చూడండి.


రేణిగుంట నాన్న
ఆగస్టు 14, రాత్రి 9:00

ఈరోజు కెఫీన్ ఆపారు. 35 వారాల 2 రోజులు. బరువు 1800. కళ్ల పరీక్ష కూడా చేశారు, రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. ఈసారి క్యాలెండర్ మీద గీతలు పెట్టడం లేదు.


పాకాల అక్క
ఆగస్టు 14, రాత్రి 9:25

ఖాళీగా ఉండకుండా ఈ వారంలో నేర్చుకోవాల్సింది నేర్చుకోండి తమ్ముడూ. మేము ఇంటికొచ్చే ముందు బొమ్మ మీద నేర్పమని అడిగి నేర్చుకున్నాం. బిడ్డ ఊపిరి ఆపితే ఏం చేయాలి, ఎలా ఊదాలి, ఛాతీ ఎలా నొక్కాలి. మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి, పగలు బిడ్డ దగ్గర ఉండేది ఆమెనే కదా.


పిల్లల డాక్టరు, చిత్తూరు
ఆగస్టు 15, ఉదయం 11:00

మంచి సలహా. మీరు మొదటి రోజే అడిగిన సాక్సు మానిటర్ సంగతి ఇప్పుడు చెప్తాను. కొనకండి. లెక్క పూర్తయి ఇంటికి వెళ్లే బిడ్డకు అది అవసరం లేదు. నిద్రలో జరిగే ఆకస్మిక మరణాలను అవి ఆపుతాయని రుజువు కాలేదు. రాత్రి ఊరికే మోగి ఇల్లంతా లేపుతాయి. అంతకన్నా ప్రమాదం, ఒక్కోసారి అంతా బాగుందని చూపించి మనల్ని ఏమరుస్తాయి.

ఆ డబ్బుతో గట్టి పరుపు కొనండి. వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు, మందపాటి బొంత, బొమ్మలు పక్కన వద్దు. ముఖ్యంగా చీర ఊయల. మన వైపు ప్రతి ఇంట్లో కడతారు, నేను కూడా దాంట్లోనే పెరిగాను. కానీ నెల తక్కువ బిడ్డను అందులో వేస్తే నడుము కిందికి దిగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతు మూసుకుంటుంది. మెడ నిలిచేదాకా వద్దు. ఇంట్లో ఎవరూ సిగరెట్, బీడీ కాల్చకూడదు.

పెదాలు, నాలుక నీలంగా మారినా, ఒళ్లు వాలిపోయినా, పాలు మానేసినా, మూలిగినా, చేతికి చల్లగా తగిలినా వెంటనే ఆసుపత్రికి. ఊపిరి ఆపితే అరికాలు, వీపు రుద్దండి. రాకపోతే ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు మీరు నేర్చుకున్నట్టు ఊదడం. బిడ్డను పట్టుకుని కుదపకండి.


నెల్లేపల్లి అమ్మ
ఆగస్టు 17, రాత్రి 8:20

చాలామందికి తెలియనిది ఒకటి చెప్పాలి. మా బాబు 30 వారాలకు పుట్టి బాగా పెరిగాడు. మూడు నెలల వయసులో గజ్జల దగ్గర హెర్నియా ఆపరేషన్ అయింది. చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోదాం అనుకున్నాం. నెల తక్కువ బిడ్డ అని చెప్పగానే మత్తు డాక్టరు రాత్రంతా మానిటర్ మీద ఉంచాలన్నారు. గర్భం వారాలు కూడా కలిపి 60 వారాలు నిండేదాకా మత్తు తర్వాత ఊపిరి ఆగే అవకాశం ఉంటుందట. ఆ రాత్రి మావాడు నిజంగానే రెండుసార్లు ఆపాడు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా, ఏ డాక్టరుకు చూపించినా ఎన్ని వారాలకు పుట్టిందో ముందు చెప్పండి. డిశ్చార్జి కాగితం జాగ్రత్త.


రేణిగుంట నాన్న
ఆగస్టు 22, రాత్రి 10:10

ఇంటికి వచ్చాం. ఏడు రోజులూ ఒక్కసారి ఆగలేదు. 2020 గ్రాములు. నేను, నా భార్య, అత్తగారు ముగ్గురం బొమ్మ మీద నేర్చుకున్నాం. అత్తగారు చీర ఊయల కొక్కెం తనే విప్పి అటక మీద పెట్టింది. మా అమ్మ పుట్టువెంట్రుకలకు కొండకు ఎప్పుడు అని అప్పుడే అడుగుతోంది.


పిల్లల డాక్టరు, చిత్తూరు
ఆగస్టు 22, రాత్రి 10:45

చాలా సంతోషం. పుట్టువెంట్రుకలకు తొందర లేదు. గుంపులో జలుబు అంటుకుంటే ఈ పిల్లల్లో అదే మళ్లీ ఊపిరి ఆపిస్తుంది. టీకాలు పడనివ్వండి, బరువు పెరగనివ్వండి, మీ డాక్టరును అడిగి వెళ్లండి. స్వామి ఎక్కడికీ పోడు.


రేణిగుంట నాన్న
ఆగస్టు 25, ఉదయం 6:15

మొదటి రెండు రాత్రులు నేను పడుకోలేదు. ఫోన్ టార్చి గోడకేసి పెట్టి పాప పొట్ట కదలడం చూస్తూ కూర్చున్నాను. ఐదు సెకన్లు ఆపుతుంది, గబగబా తీసుకుంటుంది. సిస్టర్ చెప్పింది గుర్తుంది, అయినా ప్రతిసారీ లెక్కపెడతాను. నిన్న రాత్రి మూడింటికి నా భార్య లేచి పాపను తన ఛాతీ మీద కట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చుని, "నేను మేలుకునే ఉంటాను, నువ్వు పడుకో" అంది. ఆరింటిదాకా పడుకున్నాను.

రేపు కళ్ల పరీక్ష ఉంది. పొద్దున పాలు పట్టి తీసుకెళ్లమంటారా, పట్టకుండానా?


నైట్ డ్యూటీ సిస్టర్
ఆగస్టు 25, ఉదయం 7:00

పరీక్షకు గంట ముందు పట్టడం ఆపండి అన్నా, కళ్లు తెరిచి చూసేటప్పుడు వాంతి కాకుండా. పరీక్ష అయ్యాక కాసేపు అక్కడే కూర్చోండి, పరీక్ష కోసం కళ్లలో వేసే చుక్కల తర్వాత కొందరు పిల్లలు ఊపిరి కొంచెం ఆపుతారు. డిశ్చార్జి కాగితం, ఒక టోపీ, రెండు సాక్సులు మరిచిపోకండి. ఏసీ గది చల్లగా ఉంటుంది.